అహోబిలం దోవలో మా అన్న గీసిన విడిది

నిన్న పొద్దున పళ్లు తోముకుంటాంటే ఫోన్ మోగింది.

"అత్తా, నాయన పోయినాడు" అన్నాడు మా అన్న కొడుకు.

మా ఓబులేసన్న.

నోట్లో నురుగుతో అట్లే నిలబడిపోయినా. తొంభై దాటిన మనిషే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

అప్పట్నుంచి ఫ్యామిలీ గ్రూపు నిండా గులాబీల బొమ్మలు. "బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసిన సింపుల్ మనిషి" అని ఎవరో పెట్టినారు.

సింపుల్ మనిషంట!

మీకెవరికీ తెలీదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలినా. అందుకే రాస్తాండా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది అన్న మద్రాసులో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు ముగించి నంద్యాలకు వచ్చినాడు. గవర్నమెంటు ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం.

మద్రాసులో ఆయన రూము పక్కన ఒక చైనా ముసలి వడ్రంగి ఉండేవాడు. ఆయన తాతలు వాళ్ల దేశంలో తోటల్లో మండపాలు కట్టినోళ్లంట. సాయంత్రాలు అన్నకు గీసి చూపించేవాడు. అన్న వచ్చేసేటప్పుడు ఆ మండపాల గీతలున్న తన చేతిరాత పుస్తకం ఇచ్చి పంపినాడు.

కొన్నేళ్లకు ఆర్డర్ వచ్చింది. అహోబిలం పోయే దోవలో, ఆళ్లగడ్డ దాటినాక, కొండ కింద యాత్రికులకు ఒక విడిది కట్టాలని. ఇప్పటి మాటల్లో విజిటర్ సెంటర్.

అప్పుడు చైనాతో మనకు మంచి దోస్తీ. ఫారిన్ వాళ్లు కూడా వస్తారు, కొత్తగా ఏదైనా గీయమని ఆఫీసరు అన్నకు చెప్పినాడు.

అన్న వెంటనే గీయలేదు. వారం రోజులు ఆ స్థలంలో పోయి కూర్చున్నాడు.

ఒకరోజు నన్నూ బస్సులో తీస్కపోయినాడు. నాకప్పుడు పద్దెనిమిది. నా గీత సన్నగా వస్తాదని ట్రేసింగ్ అంతా నాతోనే చేయించేవాడు.

స్థలం మధ్యలో ఏనుగంత బండ. మందు పెట్టి పేల్చుదామన్నాడు మేస్త్రీ.

"యాడికి తీస్తావప్పా దాన్ని? మనకన్నా ముందు వచ్చింది అది. ఆడనే ఉండనీ, మనమే జరుగుదాం" అన్నాడు అన్న.

పక్కన నిలబడిన చెంచు పెద్దాయన ఆ మాటకు నవ్వినాడు. వానొస్తే కొండ నీళ్లు ఏ పక్క నుంచి దిగుతాయో కాలి బొటనవేలితో నేల మీద గీసి చూపించినాడు. అన్న ఆ దారిని నీళ్లకే వదిలేసి, దాని వెంబడి వంకరగా నడవా గీసినాడు.

బండ చుట్టూ ముంగిలి. నాలుగు పక్కలా కొసలు పైకి లేచిన పెంకుల కప్పు. కింద మన బేతంచెర్ల బండలే.

గోడలో నిలువెత్తున గుండ్రని వాకిలి. చంద్రుడి వాకిలి అంటారంట చైనాలో. దాంట్లోంచి చూస్తే నల్లమల ఒక్కటే కనపడాల, రోడ్డు కనపడకూడదు. అందుకని ఆ సున్నాను మూడుసార్లు జరిపి జరిపి గీయించినాడు నాతో.

కట్టినారు. చూసినోళ్లంతా శభాష్ అన్నారు.

ప్రారంభం రోజు రాతిఫలకం మీద, డిజైన్ అన్నచోట, ఆఫీసరు పేరు.

అన్నకు కుర్చీ కూడా వేయలేదు. మా నాయనా నేనూ జనాల వెనక నిలబడినాం.

"ఏందన్నా ఇది? నీ పేరు యాడ?" అన్నా.

"కొండ కనపడతాంది కదా పాపా. చాల్లే" అన్నాడు.

నాకు చాల్లేదు. ఇప్పటికీ చాల్లేదు.

రెండేళ్లు తిరిగినాయో లేదో, సరిహద్దు గొడవలు. పేపర్ల నిండా చైనా మీద కోపం. దేవుడి దోవలో శత్రువుల ఇల్లేందని ఎవరో పైకి అర్జీ పెట్టినారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆఫీసరుకు మా అన్న పేరు. "నాకు తెలీకుండా డ్రాఫ్ట్స్‌మన్ ఈ చైనా బొమ్మలు గీసినాడు" అని రాసిచ్చినాడు.

మెచ్చుకున్నప్పుడు ఆయనది. తిట్టినప్పుడు మా అన్నది.

అన్నను సస్పెండ్ చేసి, విచారణకు కర్నూలు పిలిచినారు. పోలీసులు మా ఇల్లు వెదుకుతారని వీధంతా పుకారు.

అన్న కర్నూల్లో ఉండంగానే నాయన ఒక ట్రంకుపెట్టె నా ముందర పెట్టినాడు. అన్న గీసిన షీట్లు, నా ట్రేసింగులు, ఆ చైనా ముసలాయన పుస్తకం. ప్రతి షీటు మూలన ఆఫీసరు ఒప్పుకుంటా పెట్టిన సంతకం.

"దొర్నిపాడులో మీ అత్త ఇంట్లో దాచిపెట్టి తొందరగా రా పాపా. వాడికి పనికొస్తాయి" అన్నాడు నాయన.

ఆ వారమే నాకు టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది.

బస్సులో ఎవరైనా పెట్టె తెరిపిస్తే? నా సీటు పోతే?

నేను దొర్నిపాడు పోలేదు.

పట్టపగలు, వంటింటి పొయ్యిలో, ఒక్కొక్క షీటూ పెట్టినా. చివరికి పుస్తకం కూడా. సాయంత్రం నాయన పొయ్యిలో ఆ బూడిద చూసినాడు.

అన్న వచ్చీ రాంగానే పెట్టె అడిగినాడు. ఆఫీసరు సంతకం చూపిస్తే ఉద్యోగం నిలబడతాదని లాయరు చెప్పినాడంట.

నేను నోరు తెరిచేలోపల నాయన అన్నాడు.

"నేనే కాల్చినా. భయమైంది."

అన్న వెనక్కి తిరిగి బయటికి పోయినాడు.

నాయనతో మళ్లా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్క మాట కూడా.

ఉద్యోగం పోయింది. పంతొమ్మిదొందల అరవైలో విడిది కప్పు పీకేసి, గుండ్రని వాకిలిని రాళ్లతో మూసేసినారు. ఆ బండను కూడా పేల్చినారు.

అన్న బేతంచెర్లకు పోయి ఫ్యాక్టరీలో బండలు కొలిచే పనికి కుదిరినాడు. మళ్లా చచ్చేదాకా ఒక గీత గీయలేదు.

నేను టీచరైనా. సన్మానాలు కూడా చేయించుకున్నా. నా రిటైర్మెంట్‌కు అన్నే వచ్చి దండ వేసి, "నువ్వన్నా బాగుపడినావ్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు.

నాయన పోయినప్పుడు అన్న కొరివి పెట్టినాడు కానీ ముఖం చూడలేదు. అప్పుడన్నా చెప్పాల్సింది.

చెప్పలేదు.

ఇన్నేళ్లూ ఆ ఆఫీసరును తిట్టుకుంటా బతికినా. తిట్టడం సులువు.

అన్నా, కాల్చింది నాయన కాదు.

నేను.

ఈపాటికి మీరిద్దరూ ఎదురుపడింటారు. నాయనతో మాట్లాడన్నా. ఆయన ఏ తప్పూ చేయలేదు.

ఆడన్నా నీ మనసు నిమ్మళంగా ఉండాల.

పోయిరా అన్నా.