మల్లయ్యకు ఇవ్వని మత్తు

మొన్న రాయదుర్గంలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్నప్పుడు తియ్యటి మందు వాసన సన్నగా తగిలింది. డాక్టర్ సుభద్రగారు గుర్తొచ్చారు. తొంభైల చివర్లో, మాదాపూర్ బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో, ఆమె ఆ దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో మత్తు డాక్టరు. గుంటూరు వైపు మనిషి. నేను కొత్త విలేకరిని. పరంజా మీది నుంచి పడి కాలు విరిగిన ఖాజాగూడ మేస్త్రీ మల్లయ్య గురించి రాయడానికి వార్డుకు వెళ్లాను. నెల కిందట ఒక ఆపరేషన్ అయింది. ఎముక అతకలేదు, మర్నాడు రెండోది.

సాయంత్రం ఆమె వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "పోయినసారి మత్తిచ్చాక జ్వరం, కామెర్లు ఏమన్నా వచ్చాయా అండి?"

"ఏం రాలే డాక్టరమ్మా, మంచిగనే ఉన్న," అన్నాడు మల్లయ్య. కాగితాల్లోనూ ఏమీ లేదు. అయినా ఆమె అతని భార్య ఎల్లమ్మ వైపు తిరిగారు. "ఇంటికెళ్లాక పసరేమన్నా పట్టించారా అమ్మా?"

ఎల్లమ్మ మొగుడి వంక చూసింది. "తాపినం. పసిరికలైనయ్. కండ్లు పచ్చగైనయ్. పసరు తాగిన ముచ్చట దవాఖానల చెప్తే గుణమియ్యదంటరు. గందుకే ఈయన మిమ్మల్ని చూస్తే పోలీసోళ్లను చూసినట్టు చేస్తడు."

సుభద్రగారు నవ్వలేదు, కసరలేదు. పీల్పించే మత్తు, హాలోథేన్, ఎక్కడో ఒకరికి కాలేయాన్ని దెబ్బతీస్తుందనీ, అలాంటివారికి మళ్లీ ఇస్తే ప్రాణమే పోవచ్చనీ నిదానంగా చెప్పారు. తర్వాత అన్నారు: "మొదటిసారి అది ఇచ్చింది నేనేనమ్మా. కామెర్లు దానివల్లే అయ్యుంటాయి. ఇంటికెళ్లాక ఎలా ఉన్నారో కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు. తప్పు నాది."

"మీరు చెప్పకుంటే మాకేం తెలుస్తుండె అమ్మా?" అంది ఎల్లమ్మ.

"అందుకే చెబుతున్నాను."

ఆపరేషన్ వాయిదా వేయించి, రక్తపరీక్షలు మామూలుగా వచ్చాక వెన్నులో సూదితో మత్తిచ్చారు. మెలకువగానే ఉన్న మల్లయ్య ఎముకల డాక్టరు సుత్తి చప్పుడు విని, "ఈ సారు మాకంటె గట్టిగ కొడుతుండు," అన్నాడట. వారం తిరక్కుండా కర్రల సాయంతో, తెల్లటి కళ్లతో ఇంటికి వెళ్లాడు. అతనికి ఆ మందు ఎన్నడూ ఇవ్వకూడదని ఆమె రాసిచ్చిన కాగితాన్ని ఎల్లమ్మ పసుపు గుడ్డలో కట్టుకుంది.

నా వార్తలో ఆమె పొరపాటు వదిలేస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "అది లేకపోతే ఇంకో డాక్టరు ఏం నేర్చుకుంటాడండీ?"

తర్వాత ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనూ తప్పులు రాశాను. సవరణ లోపలి పేజీలో వేసి ఊరుకోలేక, నొచ్చుకున్నవారి ఇంటికి వెళ్లి ఎదురుగా చెప్పి వస్తాను. ప్రతిసారీ నా గొంతు వణుకుతుంది. ఆమెది వణకలేదు.