సాల్మన్ అన్న కారు బెల్టు

మా చెల్లెలు తెల్ల పట్టుచీర కట్టుకొని, చేతిలో పూలగుత్తితో, ఉల్లిగడ్డల ట్రాక్టరెక్కి తన పెళ్లికి పోయింది. ఆ ఘనకార్యం నాదే. ఎట్లా చేశానో చెబుతాను, నవ్వండి, నాకు అలవాటే.

ఎనభైల చివరి మాట. మా పెద్దనాయన కొడుకు సాల్మన్ అన్నకు ఆళ్లగడ్డలో చిన్న కారుండేది. పత్తి వ్యాపారం మీద రోజూ నంద్యాలకు దాంట్లోనే తిరిగేవాడు. నేను బడిపంతుల్ని, నాకున్నది సైకిలు. ఆ కారు మా వీధి మలుపు తిరిగితే చాలు, నాకు కడుపులో మంట. ఆదివారం చర్చి ముందు జనం దాన్ని తడిమి చూస్తుంటే నేను కళ్లు మూసుకొని ప్రార్థన చేసేవాణ్ని. ఏం ప్రార్థించేవాణ్నో అడక్కండి.

ఒక శనివారం నంద్యాల బజారులో మెకానిక్ మస్తాన్ నన్ను ఆపాడు.

"మీ అన్న కారుకు ఇంజన్ లోపలి బెల్టు మార్చే టైమైంది. బండి బాగానే తిరుగుతాంటాది, ఉన్నట్టుండి తెగుతాది. తెగితే వాల్వులు వంగి ఇంజనే పోతాది. బండిని తొందరగా తెమ్మని చెప్పప్పా."

చెబుతానని తలూపాను. ఆళ్లగడ్డ బస్సెక్కేసరికి నోటికి తాళం పడింది. ఆయన కూడా నాలుగు రోజులు నడిస్తే ఏం పోతుంది అనుకున్నాను. ఉద్యోగం వచ్చిననాడు కూడా నాకంత సంతోషం లేదు.

రెండు నెలలకు నంద్యాల చర్చిలో చెల్లెలి పెళ్లి పెట్టుకున్నాం. సాల్మన్ అన్న ఇంటికొచ్చి, పాపను బస్సులో తీసకపోయేదేంది, నా కార్లోనే పోదామన్నాడు. మా నాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడు బెల్టు సంగతి చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు. అటు పాప పెళ్లి, ఇటు నా పరువు. నేను పరువునే కాపాడుకున్నాను.

పెళ్లిరోజు ముందు సీట్లో కూర్చొని, ఇంజన్ చప్పుడును చర్చిలో ప్రసంగం కన్నా శ్రద్ధగా విన్నాను. శిరివెళ్ల దాటగానే టప్పుమంది, కారు ఆగింది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను పెళ్లికూతుర్ని వెంటబెట్టుకొని మరీ పడ్డాను. సాల్మన్ అన్న ఎండలో రోడ్డుకు అడ్డం నిలబడి ట్రాక్టరు ఆపాడు. పాప గోనెల మీద కూర్చొని దారంతా ఏడ్చింది, ఎగిరిపోతున్న దాని ముసుగును నేను పట్టుకున్నాను. గంట ఆలస్యంగా, ఉల్లి వాసనతో, పెళ్లి జరిగింది.

మరునాడు మస్తాన్ ఇంజన్ విప్పి, మా నాయన ఎదురుగానే నా వైపు తిరిగాడు.

"వాల్వులన్నీ వంగినాయి. నీతో చెప్పి పంపినా కదప్పా?"

సాల్మన్ అన్న నా ముఖం ఒకసారి చూశాడు.

"తమ్ముడు చెప్పినాడు మస్తానూ. నేనే మరిసిపోయినా."

నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పొద్దూ, దానికన్నా ముందు కుళ్లు వచ్చింది. కారుండేది చాలక ఈయనకు ఇంత మంచితనం కూడానా అని.

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. మెకానిక్ చెప్పిన కబురు కడుపులో దాచుకోను. కుళ్లుకోవడం మానడం నావల్ల కాదు గనుక, ఇకమీదట సైకిళ్లున్నవాళ్ల మీదే కుళ్లుకుంటాను. సైకిలు చైను ఊడితే ఎవరి చెల్లెలూ ఉల్లిగడ్డల మీద కూర్చోనక్కర్లేదు.