గౌన్ల బొంత

కనకం బొంత కుట్టడం నేర్చుకున్నది పలాస దగ్గర పుట్టింట్లో. ఆ పని అక్కరకొచ్చింది మాత్రం బిలాస్‌పూర్ జైల్లో, ఆడవాళ్ల వార్డులో.

పెళ్లై బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ పేటకి వచ్చేనాటికి ఆమెకి పదిహేడేళ్లు. మొగుడు పోలయ్య రైల్వే షెడ్‌లో ఖలాసీ. తాగితే కొట్టేవాడు, తాగని రోజులు తక్కువ. ఎనభై ఒకటిలో ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగొచ్చి పడుకున్నవాడు, జ్వరంతో ఏడుస్తున్న మూడేళ్ల కూతురు నీలవేణి మీదికి బెల్టు తీసుకుని లేచాడు. కనకం చేతికి పొయ్యి పక్కనున్న బొగ్గు సుత్తి అందింది. ఒక్కటే దెబ్బ. పోలయ్య మళ్లీ లేవలేదు. కోర్టులో వకీలు నేర్పిన మాటలేవీ చెప్పకుండా, "నానే కొట్టినాను బాబూ" అంది. యావజ్జీవం పడింది.

పిల్లకి ఆరేళ్లు నిండేదాకా జైల్లో తల్లి దగ్గరే ఉండనిచ్చారు. తరవాత పోలయ్య అక్క అప్పయమ్మ అదే ఊళ్లోని తెలిపారా పేట నుంచి వచ్చింది. తమ్ముణ్ణి చంపినదాని మొహం చూడకుండా పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటించేసింది. కనకానికి మిగిలినవి పొట్టైపోయిన గౌన్లు, ఏడు.

వార్డులో ఆడవాళ్లు చిరిగిన చీరలతో, అరిగిన దుప్పట్లతో బొంతలు కుట్టేవారు. పొద్దున్న దబ్బనాలిచ్చి సాయంత్రం లెక్కపెట్టి తీసుకునేవారు. ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్లు బొంతని కథరీ అనేవారు. కనకం వాళ్లకి కుట్టు దగ్గరగా వెయ్యడం నేర్పింది. తీరిక దొరికినప్పుడు, మేట్రన్‌ని అడిగి, తనదంటూ ఒకటి మొదలెట్టింది. నడుమ ఏడు గౌన్లూ పరిచి, చుట్టూ చీరముక్కలు వేసింది. పిల్ల ఈపాటికి ఎంత ఎదిగి ఉంటుందో ఊహించుకుని, ఏడాదికో అంచు కలిపేది. సరిపోదనిపిస్తే విప్పి మళ్లీ కుట్టేది. నీలవేణి మాత్రం రాలేదు. పన్నెండేళ్లు రాలేదు.

తొంభై ఆరులో, ఎవరో చూడ్డానికొచ్చారని, ములాఖాత్‌కి పిలుపొచ్చింది. ఇనప జాలీ అవతల పొడుగాటి పిల్ల, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నీలూ... ఏటమ్మా, ఇంత పొడుగైపోయినావు!"

"అమ్మా, వచ్చే నెల నా షాదీ. అతను రాయ్‌గఢ్‌లో టికెట్ క్లర్కు."

"తాగుతాడేటి?"

"నహీ. తాగడు."

కనకం గబగబా వెళ్లి బొంత తెచ్చింది. కాపలామనిషి దాన్ని తడిమి చూసి అవతలికి అందించబోయింది. నీలవేణి చెయ్యి చాపలేదు. నడుమనున్న పసుపు గౌను కేసి కాసేపు చూసింది.

"తీసుకెళ్లలేనమ్మా. ఎక్కడిదని అడుగుతారు. అక్కడ... మా అమ్మ లేదని చెప్పింది అప్పయమ్మత్త."

"అచ్ఛా" అంది కనకం. జాలీ పట్టుకున్న వేళ్లు వదల్లేదు. "ఏటొచ్చి పోయానని సెప్పారు?"

"పచ్చకామెర్లు."

"ఎప్పుడు?"

"నాకు మూడేళ్లప్పుడు."

"నువ్వూ అలాగే సెప్పు. మాట మారిస్తే పట్టీస్తారు." కాపలామనిషి చేతిలోంచి బొంత తీసుకుంటూ అంది, "ఇంక ఇలా రాకు తల్లీ. ఎవరైనా సూస్తారు."

నీలవేణి ఏడ్చింది. టైమైపోయిందని చెప్పగానే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. తల్లిని చూడగానే అడగాలనుకున్నదేదో అడక్కుండానే వెళ్లిపోయిందని కనకానికి అనిపించింది. అదేమిటో చాలా రోజులు ఆలోచించింది.

బొంతని వార్డు దుప్పట్ల కుప్పలో వేసేసింది. ఆ చలికాలం ఎవరు కప్పుకున్నారో చూడలేదు.

తొంభై ఎనిమిదిలో వదిలిపెట్టారు. ఎవరి దగ్గరికి వెళ్తావని కాగితం నింపే గుమాస్తా అడిగితే, ఎవరూ లేరంది. పలాసలో అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. స్టేషన్ దగ్గర పరుపుల దుకాణంలో కుట్టుపని దొరికింది. వెనక గదిలో దూది బస్తాల పక్కనే పడుకునేది. రాయ్‌గఢ్ అక్కణ్ణుంచి మూడు గంటల దారి. ఆ వైపు బండి ఒక్కసారీ ఎక్కలేదు.