నా పాట నాకే నేర్పిన చేను

సహోదరీ సహోదరులారా, రెండేళ్ళపాటు నా నోట పాట లేదు. జబ్బేమీ లేదు, మనసులో పగ పెట్టుకుని నేనే మూగదాన్నయ్యాను. మాది పొదిలి దగ్గర పల్లె, కూలి చేసుకునేదాన్ని, మిరపచేలో అందరితో వరసగా మునుం పట్టి కాయలు కోస్తుంటే నాకు పాటలు వచ్చేవి, ఎందుకొచ్చేవో తెలియదు, కట్టమని అడిగినవాళ్ళూ లేరు, నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టు ఒక్కో మాట చప్పరించుకుంటూ సాయంత్రానికి ఒక చరణం కట్టుకునేదాన్ని. యాభై రెండేళ్ళ వయసులో మా పాస్టరమ్మగారి దగ్గర పలక పట్టి అక్షరాలు దిద్దుకున్నది కూడా ఆ పాటలు మరిచిపోకుండా రాసుకోవాలనే, దేవునికి స్తోత్రం!

అలా కట్టిన పాట ఒకటి ప్రార్థన కూటంలో పాడాను. పక్క ఊరి గాయకుడొకడు దాన్ని ఫోన్లో పట్టుకుపోయి, వాయిద్యాలు పెట్టించి, కింద తన పేరు వేసుకుని అందరికీ పంపాడు. "అత్తా, ఇది నీ పాటే! ఎవడో ఎత్తుకుపోయాడే!" అని మా కోడలు చూపించింది. ఆ తర్వాత నేను చేసిన ప్రార్థన చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా సాక్ష్యం కాబట్టి దాచను. "ప్రభువా, వాడి గొంతు పూడిపోవాలి" అని మోకాళ్ళ మీద అడిగాను! అతని గొంతు బాగానే ఉంది, పూడిపోయింది నాదే. నోటుపుస్తకం తెరిస్తే పాట రాదు, అతని పేరే కళ్ళకు కడుతుంది, వాక్యం చదివినా మనసుకు పట్టదు.

పోయిన కోతలకు దాచేపల్లి వైపు వెళ్ళాం. పక్క సాళ్ళలో వేరే ఊరి ఆడవాళ్ళు కాయలు కోస్తూ నా పాటే పాడుతున్నారు! చేతుల ఊపుకు తగ్గట్టు నేను వడిగా కట్టిన పాటను వాళ్ళు జోలపాటలా సాగదీస్తుంటే ఆగలేకపోయాను, నేను కట్టిన వడి వరసలోనే గొంతు కలిపాను. వాళ్ళలో ఒక పెద్దామె కోత ఆపి నన్ను కసిరింది.

"ఏందమ్మే ఆ పరుగు? ఎనక ఎద్దేమన్నా తరుముతుందా? రాకపోతే నేర్చుకో. నా మనవరాలు ఆస్పత్రిలో ఉన్న నెల రోజులూ ఈ పాటే పాడి నిద్రపుచ్చా. ఇట్టా మెల్లగా పాడాల."

"అది నా పాట" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "నేర్పక్కా" అన్నాను, ఎలా అన్నానో నాకే తెలియదు! ఆమె చరణం చరణం చెప్పింది, నేను వెనకే అన్నాను, "ఆఁ, ఇప్పుడు దారికొచ్చావు" అని మెచ్చుకుంది కూడా. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, కారం చేతులతో కళ్ళు తుడుచుకుని ఇంకా ఏడ్చాను!

ఆ సాల్లోనే నిలబడి ప్రార్థించాను. "తండ్రీ, నేను చూడని బిడ్డను నా పాటతో నిద్రపుచ్చావు. నేనేమో పేరు కోసం కుమిలిపోయాను. క్షమించు. పాట కట్టుకునే ఆ సంతోషం ఒక్కటీ నాకు తిరిగి ఇయ్యి."

మునుం పూర్తయ్యేలోపే కొత్త పాటకు మొదటి మాట వచ్చింది, దేవునికే మహిమ! ఆ గాయకుణ్ణి క్షమించడం మాత్రం ఒక్క రోజులో కాలేదు, మొదట్లో పళ్ళు బిగించి అతని కోసం ప్రార్థించాను, ఇప్పుడిప్పుడే మనసారా చేయగలుగుతున్నాను.

ప్రియులారా, పాటో, అల్లికో, కుట్టుపనో, మీరు ప్రేమించి చేసుకునేదాన్ని ఎవరూ మెచ్చలేదనో, ఎవరో లాక్కున్నారనో మూలన పడేసి ఉంటే, నా తండ్రి దగ్గరికి రండి, మనుషులు తిరగని గట్ల మీద కూడా ఆయన పూలు పూయిస్తాడు. రేపు చేనికి వెళ్ళేటప్పుడు ఒక్క కూనిరాగం తీసి చూడండి. వినేవాడు ఒకడున్నాడు.