సున్నం అద్దిన నట్టు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూసి నవ్వేవాణ్ణి నేను. ఇప్పటికీ నవ్వుతాను. ఈ ఒక్కదానికి మాత్రం నవ్వు రాదు.

ఎనభైలలో పర్సుడీహ్‌లో నాకో మోటారు షెడ్డు ఉండేది. కళ్ళకి గుడ్డ కట్టినా సరే, టైరు తడిమి ఆ బండి ఏ రోడ్డు మీద తిరిగిందో చెప్పేస్తానని జంషెడ్‌పూర్ అంతా నా పేరు మోగిపోయేది. సరే, జంషెడ్‌పూర్ అంతా కాదు, మా వీధిలో. గుడ్డ కూడా పల్చటిది. టైరుకి పట్టిన మట్టి రంగు చూసి గమ్హరియా అనో బిర్సానగర్ అనో అనేసేవాణ్ణి. కానీ తడిమి జబ్బు పట్టడం నిజంగానే వచ్చు. అది నేర్పింది మా బావ, అంటే మా అక్క భర్త.

బావ టాటానగర్ స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. ఒక విశ్వకర్మ పూజ నాడు మధ్యాహ్నం అక్కని ఎక్కించుకుని బండి తెచ్చాడు. బానెట్ మీద బంతిపూల దండ. మనిషి మాత్రం వాడిపోయి ఉన్నాడు, కొన్నాళ్ళుగా ఆయాసం.

ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి. అరచెయ్యి పెట్టి చూశాను. లోపల్నుంచి బయటికి రాస్తే నున్నగా ఉంది, బయట్నుంచి లోపలికి రాస్తే రంపంలా గీరుకుంది. అంటే చక్రాలు ముందువైపు విచ్చుకుని నడుస్తున్నాయి. కర్ర పెట్టి కొలిచాను కూడా. ఆ రెండు చక్రాల మధ్య దూరం వాటి వెనక అంచుల దగ్గరకన్నా ముందు అంచుల దగ్గర బాగా ఎక్కువ. టై రాడ్డు నట్లు వదులు చేసి, కాస్త తిప్పి, మళ్ళీ బిగించాలి. పెద్ద పనేం కాదు.

"తెల్లారితే రాంచీకి భాడా బేరం ఉందిరా. ఈ టైర్లతో ఘాటీ దిగనేను. చేసెయ్," అన్నాడు బావ.

విశ్వకర్మ పూజ నాడు మా దగ్గర ఎవరూ పనిముట్టు ముట్టరు. పానాలన్నీ కడిగి, కుంకుమ బొట్లు పెట్టి, దేవుడి ముందు పరిచేశాం. "ఔజార్లు పూజలో ఉన్నాయి బావా, రేపు మొదట నీదే," అని మర్యాదగా చెప్పాను.

"మీ విశ్వకర్మకేటిరా, ఏనుగెక్కి తిరుగుతాడు. దానికి టైర్లరగవు," అని నవ్వి, బండి షెడ్డులోనే వదిలేసి, అక్కతో రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే, ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మర్నాడు పొద్దున్న, స్టేషన్ నుంచి చుట్టాల్ని తేవాలని బండి కోసం షెడ్డు తెరిచాను. తాళం నేనే వేశాను, తాళంచెవి నా మొలతాడుకే ఉంది. నిన్న చెయ్యని పని ఇప్పుడైనా చేద్దామని ముందు కొలిచాను. చక్రాలు సరిగ్గా ఉన్నాయి. నమ్మలేక మళ్ళీ కొలిచాను. ఉండాల్సినట్టే ఉన్నాయి.

బండి కిందికి దూరాను. రెండు నట్ల మీదా తెల్లటి సున్నం. నట్టు బిగించాక, ఖైనీలో కలుపుకునే సున్నం వేలితో దానిమీద అద్దడం మా బావ అలవాటు. నట్టు కదిలితే ఆ పెచ్చు పగిలి తెలిసిపోతుంది. షెడ్డులో ఇంకెవరం అలా చెయ్యం. ముట్టుకుంటే తడిగా వేలికంటుకుంది.

దేవుడి ముందు పానాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక్క బొట్టయినా చెరగలేదు.

నేను ముందురోజు తప్పు కొలిచానేమో అనుకుందామంటే, అరిగిన టైర్లు కళ్ళెదురుగా ఉన్నాయి. తర్వాత వేసిన కొత్త టైర్లు అక్క ఆ బండి అమ్మేదాకా సమానంగానే అరిగాయి. ఎవరు బిగించారో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. ఆ రోజు ఒక్క పానా ఎత్తి ఉంటే ఏ దేవుడు కోప్పడేవాడో కూడా అంతుపట్టలేదు.

ఇదంతా రాసి మా అక్కకి చదివి వినిపించాను.

"సున్నం సంగతి నాకు తెల్దు. మర్యాదగా చెప్పినావేట్రా నువ్వు? నేను బండిలోనే కూకున్నాను కదా. కొలిచేసి, మళ్ళీ పోయి పేక ముందు కూకున్నావు. పానా ఒకటి ఇయ్యి, నేనే తిప్పుకుంతానని అడిగినాడు మీ బావ. నువ్వు ముక్కల్లోంచి తలెత్తనేదు."