సుగుణ టీచర్ ఆపబోయిన కథ

మా చిన్నతనంలో గోదావరిఖనిలో మధ్యాహ్నాలు చాలా మెల్లగా గడిచేవి... ఫస్ట్ షిఫ్టు దిగే సైరన్ మోగేదాకా, మా బడి కిటికీల్లో సన్నని బొగ్గు ధూళి ఎండలో తేలుతూ ఉండేది. ఆ చివరి పీరియడ్‌లోనే సుగుణ టీచర్ మా తొమ్మిదో తరగతికి పాఠ్యపుస్తకంలో లేని కథలు చదివేవారు.

బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది అది. ఒకరోజు టీచర్ ఏదో దూరదేశపు కథ మొదలుపెట్టారు. ఒక జాతి మనుషులందరినీ ఊరూరా వెతికి చంపుతున్న రోజులు... ఒక పిల్లాడు పిండిమరలో బస్తాల వెనక దాక్కుంటాడు. తన వాళ్లను సైనికులు లాక్కుపోతుంటే నోరు మూసుకుని చూస్తుంటాడు.

నేను చెయ్యెత్తి, వాడు పిరికివాడు టీచర్, నేనైతే అరిచి అడ్డం పడేదాన్ని అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది...

వెనక బెంచీలోంచి మాలతి లేచింది. బెంగాలీ పిల్ల. గనిలో ఫిట్టర్‌గా పనిచేసే వాళ్ల మామ దగ్గరికి ఆరు నెలల కిందటే సరిహద్దు దాటి వచ్చింది. అమ్మానాన్నల గురించి అడిగితే చెప్పేది కాదు. మా దగ్గర నేర్చుకున్న తెలుగులోనే మెల్లగా అంది:

"అరిస్తే వాణ్ని గూడ చంపుతరు. నేను అరవలే. గందుకే ఉన్న."

టీచర్ పుస్తకం మూసేశారు. వెళ్లి మాలతి బెంచీ మీదే కూర్చున్నారు.

"నీ సంగతి నాకు తెల్వదు బిడ్డా. ఈ కథ గిక్కడికే ఆపేస్త."

మాలతి బెంచీ చెక్కను గోటితో గీకింది.

"ఆ పిలగాడు బతికిండా టీచర్?"

"బతికిండు."

"అయితే చదువుండ్రి."

ఆ వారమంతా ఆ కథే... టీచర్ మాలతి పక్కనే కూర్చుని చదివారు. అక్కడక్కడా ఆగి మాలతి వైపు చూసేవారు. మేం కదలకుండా ఎదురుచూసేవాళ్లం.

నేను వాణ్ని పిరికివాడన్న మర్నాడే అమ్మ చేసిన సర్వపిండి పట్టుకెళ్లి మాలతి పక్కన చేరాను. తప్పయిందని అనడానికి నోరు రాలేదు. తను సగం తుంచి నాకే ఇచ్చింది.

ఎన్నో నెలల తర్వాత, గోదావరి ఇసుకలో నడుస్తుంటే తనే చెప్పింది. సైనికులొచ్చిన రోజు వాళ్ల ఊరి చెరువులో గుర్రపుడెక్క ఆకుల కింద ముక్కు దాకా మునిగి ఉందట... గట్టు మీద ఎంత కొట్టినా, తనెక్కడుందో వాళ్ల అన్న చెప్పలేదట. అంతే చెప్పి, నీళ్లలోకి దిగి పాదాలు కడుక్కుంది.

పది పాసయ్యాక వాళ్ల మామకు కొత్తగూడెం బదిలీ అయింది. రెండు ఉత్తరాలు రాసింది. నర్సు ట్రైనింగ్‌లో చేరానని రెండో దాంట్లో ఉంది... జవాబు రాయడంలో నేనే ఆలస్యం చేశాను. ఆ తర్వాత తన చిరునామా దొరకలేదు.

ఇప్పుడు అలాంటి చావులు ఫోన్లో ఒక వంటకూ ఒక పాటకూ మధ్య వచ్చి పోతున్నాయి. మా మనవరాలు బొటనవేలితో పైకి తోసేస్తుంది... దాని తప్పేం లేదు, ఆగి చెప్పేవాళ్లే లేరు. మీకు అలాంటి కథ చదివి వినిపించిన టీచర్ ఎవరైనా ఉంటే, వారి గురించి కింద నాలుగు మాటలు రాయండి... తీరిగ్గా కూర్చుని అన్నీ చదువుకుంటాను.