నీళ్లు కలిపిన ఆట

దబీర్‌పురా స్టేషన్‌లో రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఎక్కిన ప్రతి రైలు వేళా రాసుకునే నా డైరీలో ఆ సంగతి రాసుకుంటుంటే, పక్కన ఖాళీ పాల క్యాన్లతో కూర్చున్న మనిషి ఫోన్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. లాల్‌దర్వాజాలో పాలు పోస్తాడట. ఫోన్‌లోనూ బర్రెలనే మేపుతున్నాడు.

“చూడు బాపూ, ఒక్కన్నే ఆడుకునే ఆట. మొదట్ల బర్రె నిమిషానికే పాలిచ్చింది. ఇప్పుడు ఎనిమిది గంటలు ఆగాల్నంట. లేకుంటే యాభై రూపాయలు కట్టాల్నంట.”

“బర్రె కదయ్యా, ఆ మాత్రం సమయం పట్టదూ?” అన్నాను.

“ఫోన్ల బర్రె గడ్డి తినాల్నా, నెమరెయ్యాల్నా? కావాలనే ఆపిన్రు. ఇంకొక్క క్యాను నిండితే కొత్త కొట్టం వస్తది. నెల సంది ఆడుతున్న.”

అతని వేలు డబ్బు కట్టే బటన్ మీద కాసేపు ఊగిసలాడింది. చివరికి ఫోన్ జేబులో పడేశాడు.

“ఆగుత గని కట్ట. పాలల్ల నీళ్లు కలిపినట్టు వాళ్లే ఆటను సాగదీసి, మళ్ల ఆ నీళ్లు తియ్యనీకి పైసలడుగుడేంది?”

“మరి నువ్వు కలపవా?” అని అడిగాను.

అతను క్యాన్ల వైపు చూశాడు. “కలిపితే కలుపుత గని, తియ్యనీకి మాత్రం పైసలడగ బాపూ.”

ఆనాటి డైరీ పేజీలో రైలు ఎన్నింటికి వచ్చిందో లేదు. నలభై ఏళ్లలో అదొక్కటే రాయడం మరిచిపోయాను.